జమీందారు గారికి ప్రవేశం లేదు

అధికారి ముందూ, గుర్రం వెనకా నిలబడకూడదని పెద్దలు అంటారు. అశ్వ వసతి గృహానికి నన్ను వార్డెనుగా వేసిన రోజు నుంచీ నాకు రెండు చోట్లా నిలబడక తప్పలేదు.

అసలు నా ఉద్యోగం ఉప్పలరేవులో ఉద్యోగినుల వసతి గృహం వార్డెను. ఇరవై ఏళ్ల పైచిలుకు నుంచి అదే పని. గేటు మీద రెండు బోర్డులుంటాయి. ఒకటి 'పురుషులకు ప్రవేశం లేదు'. రెండోది 'సందర్శకుల వేళ: ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు'. ఆరింటికి నేను గంట కొడితే తండ్రి గాని, అన్నదమ్ముడు గాని, కట్టుకున్న మొగుడు గాని చెప్పులేసుకుని బయటికి నడవాల్సిందే. ఊళ్లో నన్ను వార్డెనమ్మ అంటారు. వెనకాల గంటమ్మ అంటారట. అననివ్వండి.

గుర్రాలు మా శాఖలోకి ఎలా వచ్చాయో చెప్పాలి. మా ఊరికి సముద్రముంది కాబట్టి సెలవు రోజుల్లో ఒడ్డున పిల్లల్ని ఎక్కించి తిప్పడానికీ, ముహూర్తాల్లో పెళ్లికొడుకుల్ని ఊరేగించడానికీ ఏడు గుర్రాలున్నాయి. వాటి యజమానులు వాటిని మునిసిపల్ ఆఫీసు కటకటాలకు కట్టేసేవారు. ఒకరోజు ముఖ్య అతిథి మెడలో వేయడానికి తెచ్చిన గజమాలని వాటిలో ఒకటి సగం తినేసింది. మిగతా సగంతోనే సభ కానిచ్చారు గాని, మర్నాడే సముద్రం ఒడ్డున గుర్రాలన్నిటికీ కలిపి ఒక షెడ్డు కట్టాలని తీర్మానం చేశారు.

కట్టడానికి డబ్బు ఏ పద్దు కింద తీయాలన్న ప్రశ్న వచ్చింది. పద్దుల్లో గుర్రపుశాల లేదు. వసతి గృహాలున్నాయి. గుమాస్తా ఎవరో బుర్ర ఉపయోగించి 'అశ్వ వసతి గృహం' అని రాశాడు. అంతే. పేరులో వసతి గృహం ఉన్నదేదైనా మా శాఖ సొత్తు. పిల్లికి బిచ్చం పెట్టకపోయినా, నడిచొచ్చిన భవనాన్ని మా శాఖ ఏనాడూ వదులుకోలేదు.

తరవాత అది ఏ రకం వసతి గృహమన్న చర్చ జరిగింది. గుర్రాలు చదువుకోవు, సంపాదిస్తాయి. కాబట్టి విద్యార్థుల వసతి గృహం కాదు. ఏడింటిలో ఆరు ఆడగుర్రాలు. కాబట్టి ఉద్యోగినుల వసతి గృహం. ఊళ్లో ఆ రకం వార్డెను నేనొక్కదాన్నే. కాబట్టి నేను. ఇందులో ఏ మెట్టు దగ్గర తప్పు జరిగిందో చూపించమని మా ఆయన్ని అడిగాను. చూపించలేకపోయాడు.

షెడ్డుకి మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను ఎదురొచ్చి పలకరించింది నూకరత్నం. యాభై ఏళ్లుంటాయి, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, గొంతు మాత్రం సముద్రానికి అవతల ఒడ్డుకి కూడా వినిపిస్తుంది. ఆవిడదే ఆ ఏడో గుర్రం. తెల్లగా, మెడ విల్లులా వంచి, కాలు ఆచితూచి వేసే పోతుగుర్రం. పేరు జమీందారు. అలాంటి పేరు పెట్టాక 'అది' అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన అనే అంటాను.

"మా జమీందారు సానా మంచోడండి," అంది నూకరత్నం. "గాలే మంచిది కాదు. ఆడగుర్రం వోసన ముక్కుకి తగిలిందంటే ఇంక నేనెవరో, తనెవరో తెలవదండి ఆడికి."

అందుకని ఆయన్ని షెడ్డు చివర, సముద్రం వైపు గదిలో పెట్టారు. అక్కడ పెడితే గాలి ఆయన మీదుగా ఆడగుర్రాల వైపు వీస్తుంది గాని వాటి మీదుగా ఆయన వైపు వీయదు. గోడ నిలువెత్తు కన్నా ఎక్కువ. తలుపులు రెండు, ఒకటి వేశాకే రెండోది తీయాలి. ఆయన్ని బయటికి తీసేముందు నూకరత్నం ఒక కేక పెడుతుంది. ఆ కేకకి మిగతావాళ్లు తమ ఆడగుర్రాల్ని గదుల్లోకి తోలి గడియలు పెట్టుకుంటారు. అప్పుడు కళ్లెం బిగించి పట్టుకుని, గోడవారగా నడిపించుకుపోతుంది. చూసి ముచ్చట పడ్డాను. మనుషుల వసతి గృహంలో ఇంత పద్ధతి నేనెన్నడూ సాధించలేకపోయాను.

అన్నీ సజావుగా సాగుతున్నాయి గనకే తనిఖీ వచ్చింది. మా ప్రాంతీయ సంచాలకులు చిదంబరేశ్వరరావు గారు ఇంట్లో అందరిలాగే మాట్లాడతారట. ఆఫీసు జీపు ఎక్కారంటే మాత్రం గ్రాంథికం పూనుతుంది. గదులన్నీ చూసి, చివరి గది ముందు ఆగి, "ఈ శ్వేతవర్ణ నివాసి ఎవరు?" అన్నారు.

"జమీందారండి. మగ గుర్రం."

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఉద్యోగినుల వసతి గృహమునందు పురుష నివాసియా! వార్డెను గారూ, తమరు ఇచ్చట ఏమి చేయుచున్నారు? గుడ్డి గుర్రములకు పళ్లు తోముచున్నారా?"

"గది వేరండి. గోడ చూడండి ఎంత ఎత్తుందో. గాలి కూడా..."

"గోడ ఎత్తు గూర్చి నిబంధనలలో లేదు. గాలి గూర్చి అసలే లేదు. పురుషుడు ఉన్నాడా, లేడా అన్నదే ప్రశ్న. ఉన్నాడు. ఉండరాదు. తక్షణమే టి.సి. ఇచ్చి పంపివేయుడు."

టి.సి. అంటే ఏమిటో నూకరత్నానికి నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ వక్కపలుకు నములుడు అక్కడే ఆగిపోయింది.

"రోడ్డు మీద కట్టుకోమంటారేటండి ఆణ్ని? పోతుగుర్రాన్ని రోడ్డు మీద కడితే నాలుగో రోజుకి పలుపు తెంపుకుంటాడు, ఐదో రోజుకి ఎవర్నో తొక్కుతాడు. అప్పుడు మీరే పోలీసోళ్లనేసుకొత్తారు. మా ఇంట్లో నేను పడుకోడానికే సోటు లేదు. ఇంక ఆ బేరగాడికి అమ్ముకోడవే. తల్లి సచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచానండి, బాబూ! నా కొడుకైనా నా మాట ఇనడు గాని, ఆడింటాడు."

బేరగాడంటే పై ఊళ్ల నుంచి ఏడాదికొకసారి వచ్చి జంతువుల్ని కొనుక్కుపోయేవాడు. కొన్నవి ఎక్కడికి పోతాయో ఎవరూ అడగరు. నాకు నిజంగా కళ్ల నీళ్లు తిరిగాయి. గంట కొట్టి మగవాళ్లని వెళ్లగొట్టడం నాకు కొత్త కాదు గాని, వెళ్లగొడితే అమ్ముడుపోయే మగవాణ్ని ఇంతకుముందు చూడలేదు.

సంచాలకుల వారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన దయార్ద్ర హృదయులే. మా శాఖలో దయ కూడా నిబంధన వెంటే నడవాలి, అంతే. రెండు రోజులు ఆలోచించి దారి కనిపెట్టారు.

"పురుషుడు నివాసిగా ఉండరాదు. కాని సందర్శకుడుగా రావచ్చును. కావున ఇకమీదట జమీందారును సందర్శకుడుగా పరిగణింపుడు. వారమంతయు గేటు వెలుపల ఉండును. ఆదివారము నాలుగు గంటలకు లోనికి వచ్చి, ఆరు గంటలకు నిష్క్రమించును."

గేటు వెలుపల ఒక గుంజ పాతి ఆయన్ని కట్టేశాం. అది షెడ్డుకి ఊరివైపు. అంటే ఆరు ఆడగుర్రాల మీదుగా వచ్చే సముద్రపు గాలంతా సరిగ్గా ఆయన ముక్కులోకే. పై పెదవి పైకి మడిచి, ఆకాశంలోకి చూస్తూ ఆయన సకిలించిన సకిలింపులకి ఎదురుగా ఉన్న వడ్రంగి కొట్టు మూతపడింది. బుధవారానికి గుంజ ఒరిగింది. శనివారానికి నేను ఒరిగాను.

ఇంకో చిక్కు ఉంది. సందర్శకుడన్నాక ఎవరిని చూడవచ్చాడో, వాళ్లకి ఏమవుతాడో చెప్పాలి. ఊరికే వచ్చి కూర్చుంటానంటే కుదరదు. ఆ సంగతి నూకరత్నంతో చెప్పాను.

"ఎవరో ఒకర్ని సూడాలాండి? అయితే లోవరాజు గారి పూతరేకు పేరు సెప్పండి," అంది ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా. పూతరేకు అంటే ఒడ్డున పిల్లల్ని తిప్పే లోవరాజు ఆడగుర్రం. పేరుకి తగ్గట్టే తెల్లగా, సున్నితంగా, ముట్టుకుంటే విరిగేలా ఉంటుంది. "ఈడూ జోడూ కూడానండి," అని ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు నేను అప్పుడే పట్టించుకోవాల్సింది.

"ఏమవుతాడని చెప్పను?"

"దూరపు సుట్టం అనండి."

సంచాలకుల వారు ఆమోదించారు. పైగా, మర్యాదకు భంగం కలగకుండా నివాసికీ సందర్శకుడికీ నడుమ ఒక బల్ల వేయించమన్నారు. ఏర్పాట్లు కళ్లారా చూడడానికి ఆదివారం స్వయంగా వచ్చారు కూడా. లోవరాజు మాత్రం బల్ల వేశారన్న ధీమాతో టీ తాగడానికి వెళ్లాడు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఏ గుర్రపుశాలలోనైనా పోతుగుర్రాన్నీ, ఎదకొచ్చిన ఆడగుర్రాన్నీ ఒకదాని కంట ఒకటి పడనివ్వకూడదు. లోకంలో గుర్రాలు పెంచేవాళ్లంతా చేసే కష్టం దానికోసమే. మేము మాత్రం వాటికి కూర్చోబెట్టి సందర్శన వేళ ఇచ్చాం.

నాలుగింటికి గేటు తెరిచాం. బల్ల కాళ్లు నాలుగూ తరవాత దొరికాయి. నూకరత్నం కళ్లెం వదిలి గడ్డివామి వెనక్కి పరిగెత్తింది. నేను నీళ్ల ట్యాంకు మెట్లెక్కాను. నా కన్నా ముందే ట్యాంకు మీద చిదంబరేశ్వరరావు గారున్నారు. ఎప్పుడెక్కారో, ఎలా ఎక్కారో తెలీదు.

"సందర్శకులు నిశ్శబ్దము పాటింపవలెను!" అని పైనుంచి అరుస్తున్నారు. "సందర్శకులు నివాసితో గౌరవప్రదమైన దూరము..." అని కిందికి చూసి, ఆ వాక్యం పూర్తి చేయలేదు.

సందర్శన జరిగింది. అంతకుమించి ఒక వార్డెను రాయకూడదు. ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఆరింటికి గంట కొట్టాను. నూకరత్నం బెల్లంముక్క చూపించేసరికి జమీందారు బుద్ధిమంతుడిలా గేటు వెలుపలికి నడిచాడు. వేళ పాటించడంలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు.

కొన్నాళ్లకి లోవరాజు మా ఆడవాళ్ల హాస్టలు గేటు దగ్గరికొచ్చి పైకప్పు లేచిపోయేలా అరిచాడు. పూతరేకు పరుగెత్తనంటోందని పశువుల డాక్టరుకి చూపిస్తే, చూలు కట్టిందన్నాడట.

"నా గుర్రాన్ని మీ ఆస్టల్లో పెట్టింది దేనికండి? భద్రంగా ఉంటాదనా, బల్లేసి మరీ ఇలా సేత్తారనా? సీజన్లో నేనేం తిప్పుకోవాలండి ఒడ్డుమీద? నన్ను నేను తిప్పుకోవాలా?"

లోపల మా హాస్టలు అమ్మాయిలంతా కిటికీల్లోంచి వింటున్నారు. నేను తలెత్తలేకపోయాను.

శాఖలో గగ్గోలు పుట్టింది. జమీందారుకి సంజాయిషీ నోటీసు వచ్చింది. తెచ్చినాయన దాన్ని మొహం ముందు చదివి వినిపిస్తుండగానే జమీందారు తినేశాడు. నోటీసు స్వయంగా స్వీకరించినట్టు రాసుకున్నారు. ఇచ్చిన గడువులోగా జవాబు రాలేదు గనక, శాశ్వతంగా బహిష్కరించాలని తేల్చారు. ఇక గేటు వెలుపల గుంజ కూడా లేదు. ఆ సంగతి ఎవరు చెప్పారో గాని, బేరగాడు ఊళ్లో దిగి జమీందారు పళ్లు చూసి వెళ్లాడు. నూకరత్నం ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ గొంతు వినబడని ఆ పూట ఒడ్డంతా బోసిపోయినట్టు అనిపించింది.

బహిష్కరణ అమలు చేయడానికి చిదంబరేశ్వరరావు గారు వచ్చారు. జమీందారు పలుపు బేరగాడి చేతిలో ఉంది. నూకరత్నం గుర్రం మెడ పట్టుకుని వేలాడుతోంది. అప్పుడు లోవరాజు అడ్డం వచ్చాడు. రాత్రంతా ఏమాలోచించాడో గాని, మనిషి మారిపోయాడు.

"ఆగండి! ఆడిని పంపేత్తే ఎలాగండి?" అన్నాడు. "రేపు పుట్టేది మేలుజాతి పిల్ల. తండ్రెవరని అడిగితే ఏం సెప్పాలండి నేను? శాఖవారు బయిటికి గెంటేశారని సెప్పాలా? అంత పరువు గల శాఖయితే ఆ ఇద్దరికీ పెళ్లి సేసెయ్యండి!"

కోపంలో అన్నాడు. వెటకారంగా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు కూడా. చిదంబరేశ్వరరావు గారు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్లు మెల్లగా విచ్చుకున్నాయి.

"వివాహము," అన్నారు. "వివాహము! వార్డెను గారూ, ఈ గృహము పూతరేకునకు ఏమగును?"

"ఉండే చోటండి."

"అనగా పుట్టినిల్లు. అల్లుడు వచ్చి అత్తవారింటనే ఉండుటను ఏమందురు?"

"ఇల్లరికమండి."

"ఇల్లరికము!" ఆయన జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నారు. "ఇల్లరికపుటల్లుడు నివాసి కాడు, సందర్శకుడు కాడు. ఇంటి మనిషి. నిబంధన యొక్క భావమునందు అతడు పురుషుడుగా పరిగణింపబడడు."

మా మేనమామ ఇల్లరికం వెళ్లాడు. ఆయన్ని కూడా ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ పురుషుడిగా పరిగణించలేదు. కాబట్టి ఈ ఉత్తర్వులో దోషం నాకేమీ కనబడలేదు. బేరగాడి చేతిలోంచి పలుపు నేనే లాక్కున్నాను.

పెళ్లి మాఘంలోనే జరిగింది. ఆడపెళ్లివారు శాఖవారు. కన్యాదానానికి చిదంబరేశ్వరరావు గారే పట్టుపంచె కట్టుకొచ్చారు. ఊరేగింపు దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. పెళ్లికొడుకు గుర్రమెక్కి రావాలి. ఈ పెళ్లికొడుకే గుర్రం. ఊరేగింపు మానేద్దామంటే నూకరత్నం ఒప్పుకోలేదు.

"ఊళ్లో సగం మంది పెళ్లికొడుకుల్ని ఈపు మీద మోసినోడండి ఆడు! ఆడి పెళ్లికి ఆణ్ని నడిపిత్తారా?"

మునిసిపాలిటీ ట్రాక్టరు తొట్టికి అరటిపిలకలు కట్టి, జమీందారుని అందులో నిలబెట్టి ఊరేగించాం. బ్యాండు ఆయనకి అలవాటే. మెడ వంచి, ఎడమా కుడీ చూస్తూ, ఏ పెళ్లికొడుకూ నిలబడనంత దర్జాగా నిలబడ్డాడు. పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య అడ్డుతెర కావాలి కదా. గుడ్డ పట్టుకుంటే సరిపోదని నూకరత్నం ఇనపరేకులు పాతించింది. వాటికి అటువైపు ఆయన, ఇటువైపు పూతరేకు. శాఖ వేయించిన బల్ల కన్నా ఆ తెర ఎంతో బాగా పనిచేసింది. లోవరాజు జీలకర్రా బెల్లం రేకుల మీదనుంచి విసిరాడు. జమీందారు గాల్లోనే అందుకుని తినేశాడు. అక్షింతలు వేయబోతే అవీ తిన్నాడు.

భోజనాలయ్యాక అల్లుడి విడిది గురించి సంచాలకుల వారు ఉత్తర్వు చదివారు. "అల్లుని మర్యాదకు భంగము రాకుండునట్లు ఏకాంత మందిరము ఒసగవలెను. గోడలు ఎత్తుగా ఉండవలెను. ద్వారములు రెండు ఉండవలెను. ఇతర నివాసినుల గదులకు దూరముగా, సముద్రపు గాలి తగులునట్లు ఉండవలెను."

నేను నూకరత్నం మొహం చూశాను. నూకరత్నం నా మొహం చూసింది. జమీందారుని తీసుకెళ్లి మళ్లీ ఆయన పాత చివరి గదిలోనే కట్టేసింది. ఆయన గోడ వాసన చూసి, తొట్లో ఉలవలు చూసి, పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి తినడం మొదలెట్టాడు. నూకరత్నం గుమ్మం మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పెళ్లన్నాక ఎవరో ఒకరు ఏడవాలి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా మా ఆడవాళ్ల హాస్టల్లో ఉండే సుభాషిణి నా గదికొచ్చింది. కోర్టులో టైపిస్టు. భర్తకి వేరే జిల్లాలో బడిపంతులు ఉద్యోగం. బదిలీ కోసం ఇద్దరూ అడగని వాళ్లు లేరు. అతగాడు ప్రతి ఆదివారం మూడు బస్సులు మారి వస్తాడు. ఆ మూడు బస్సుల్లో ఏది ఆగిపోయినా నాలుగు గంటలకి బదులు ఐదున్నరకి చేరతాడు. చేరిన అరగంటకి నేను గంట కొడతాను.

"మేడమ్," అంది సుభాషిణి, "జమీందారుకి ఇచ్చినట్టే మా ఆయనకీ ఇమ్మని అడగొచ్చాండి? ఆయనా అల్లుడేగా. తాళి కట్టిన సాక్ష్యాలు కూడా ఉన్నాయి. ఇనపరేకులవీ ఏం లేవండి మా పెళ్లికి, మామూలు గుడ్డే."

నేను సిఫార్సు చేసి పైకి పంపాను. జవాబు రావడానికి ఆట్టే కాలం పట్టలేదు. మా సంచాలకుల వారి గొంతు అందులో అచ్చంగా వినబడింది. 'ఈ వెసులుబాటు నాలుగు కాళ్లు గల అల్లుళ్లకు మాత్రమే వర్తించును. రెండు కాళ్ల వారి విషయమున పాత నిబంధనయే యథాతథముగా అమలులో ఉండును.'

సుభాషిణి అది రెండుసార్లు చదివి, "ఇంకో రెండు కాళ్లు ఎక్కణ్నుంచి తెమ్మంటారండీ?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా కొట్టిన గంటలన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి.

ఆ ఆదివారం అతగాడు ఐదుంపావుకి వచ్చాడు. అకాల వర్షంలో తడిసి, చేతిలో సంచీతో, నా వంక బెదురుగా చూస్తూ. నేను బోర్డు చూశాను. మనుషుల హాస్టల్లో పురుషులు ఉండకూడదు, నిజమే. గుర్రాల హాస్టల్లో మగ గుర్రాలు ఉండకూడదు. అదీ నిజమే. గుర్రాల హాస్టల్లో మనుషుల మొగుళ్లు ఎంతసేపు ఉండొచ్చో మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు.

"గొడుగు తీసుకో సుభాషిణీ," అన్నాను. "పూతరేకుని చూసొద్దాం. చూలుతో ఉంది కదా."

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు అశ్వ వసతి గృహం వసారాలో గడ్డిమోపుల మీద నాలుగైదు జంటలు కూర్చుంటున్నాయి. నూకరత్నం టీ కాస్తుంది. లోవరాజు, రాబోయే పిల్ల తనదే తప్ప నూకరత్నానిది కాదని అందరికీ మళ్లీ మళ్లీ చెబుతుంటాడు. చివరి గదిలోంచి జమీందారు ఉలవలు నమిలే చప్పుడు వినిపిస్తుంటుంది.

మొదటి రోజు సుభాషిణి భర్త చేతి గడియారం చూసుకుని, అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాడు. "ఆరయిందండీ," అన్నాడు నాతో. "వెళ్లమంటారా?"

"కూర్చోండి బాబూ," అన్నాను. "ఇది మీ అత్తారిల్లనుకోండి."